మదార్ సాబ్ వీలునామా

షుకూర్‌కు తన ముత్తాత మదార్ సాబ్ అంటే ఎంత గౌరవమంటే, ఆయన గురించి ఒక్క ముక్క తెలియకపోయినా గంటసేపు మాట్లాడగలడు. మదార్ సాబ్ నిజాం ఫౌజులో గుర్రపు సవారట. నల్ల గుర్రమట. ఆ గుర్రం మీద వస్తూ వస్తూ జీనుకు కట్టుకుని ఊళ్ళోకి పెద్ద పీరును తెచ్చింది ఆయనేనట. ఈ 'అట'లన్నిటికీ సాక్షి షుకూర్ వాళ్ళ బాపు ఒక్కడే. ఆయన పోయి పదహారేళ్ళయింది. కాదనే సాక్షి లేకపోవడంతో ఆ గుర్రం ఏటేటా పెరుగుతూ వచ్చింది.

వాళ్ళది లాల్‌గడి మలక్‌పేట్ పక్కన చిన్న పల్లె. మొహర్రం పదో రోజున పీర్ల కొట్టంలోంచి ఏడు పీర్లు బయటికొస్తాయి. పొడుగాటి కర్రలు, వాటి కొసన వెండి రేకు హస్తాలు, భక్తులు మొక్కి కట్టిన రంగురంగుల గుడ్డ దట్టీలు. ఆ ఊళ్ళో పీరు ఎత్తడానికి తురకా తెలుగూ తేడా లేదు. అన్నిటికంటే ముందు నడిచేది పెద్ద పీరు. దాన్ని ఇరవై రెండేళ్ళుగా షుకూరే ఎత్తుతున్నాడు, అంతకుముందు వాళ్ళ బాపు ఎత్తాడు. మిగతా ఏడాదంతా షుకూర్ బర్రెలు పిండి యాప్రాల్ కాలనీల్లో పాలు పోసే మనిషి. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే ఆగాలి. ఇంట్లో భార్య జహేదా ఒక మాటంటే పడాలి. ఆ ఒక్కరోజు మాత్రం తను ముందు, ఊరంతా వెనక. ఆ ఒక్కరోజు లేకపోతే తన బతుకులో చెప్పుకోవడానికి బర్రెలు తప్ప ఏమీ మిగలదని షుకూర్‌కు బాగా తెలుసు.

అలాంటి రోజుకు లింగం ఎసరు పెట్టాడు.

లింగం రెండో పీరు ఎత్తే మనిషి. షుకూరూ అతనూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు, 'బావా' అంటే 'బావా' అనుకునేవాళ్ళు. ఎండాకాలంలో ఒక పొద్దున హోటల్ దగ్గర చాయ్ తాగుతూ, షుకూర్ నల్ల గుర్రం కథ ఎత్తుకోగానే లింగం గ్లాసు కింద పెట్టాడు.

"బావా, ఓ మాట జెప్త ఏమనుకోకు. పెద్ద పీరును ముందుగాల ఎత్తింది మా ముత్తాత మల్లయ్య. మా అవ్వ జెప్పేది. మీరు నడుమల వచ్చినోళ్ళు."

'ఏమనుకోకు' అన్న తరువాత చెప్పే మాటకు ఏమీ అనుకోకుండా ఉన్నవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. ఆ రోజుతో ఇద్దరికీ మాటల్లేవు. లింగం అంతటితో ఊరుకోక, పెద్ద పీరు తనకే ఇయ్యాలని ఊరి పెద్దలకు కాగితం మీద అర్జీ పెట్టాడు. పెద్దలు తల గోక్కుని, "పండుగ లోపల ఎవరన్న రుజువు తెండ్రి. లేకుంటే చీటీలేస్తం" అన్నారు.

"మా ముత్తాత ఇజ్జత్‌ను చీటీలల్ల ఏస్తరా!" అని షుకూర్ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు తిన్నాడు, ఎందుకంటే జహేదా వడ్డించడం మానేస్తానంది.

దారి చూపించింది యాప్రాల్‌లో పాలు పోయించుకునే జానకిరామయ్య. తెనాలి వైపు మనిషి, రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, పూర్వీకులను వెతకడం. హాల్లో గోడ నిండా వంశవృక్షం వేలాడదీశాడు. తొమ్మిది తరాలు పైకి ఎక్కాడు. పదో తరం దగ్గర తాటాకులు చెదలు తిన్నాయట, ఆ చెదల మీద ఆయనకు ఇప్పటికీ కోపమే.

"చూడవయ్యా షుకూరూ, నోటిమాటకు సాక్షి కావాలి. కాగితమైతే తనకు తనే సాక్షి. ఆ పీరుకు మాన్యం ఏమన్నా ఉండేదా?"

"ఉండె సార్. రెండెకరాల చెల్క. గది ఎన్నడో పోయింది."

"భూమి పోతుంది గానీ దాని మీద పుట్టిన కాగితం పోదు. చెల్క ఉన్నవాడు కొడుకులకు పంచకుండా పోతాడా? వీలునామా ఉండే ఉంటుంది. వెతికించు. రెండు ఫోటోలు, ఆధార్ నకలూ, మంచినీళ్ళ సీసా, ఓపికా తీసుకెళ్ళు."

మొదటి మూడూ సులువుగానే దొరికాయి. పాలు పోయడం అవగానే షుకూర్ ఖాళీ క్యాన్లతోనే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది, అది పట్నంలో పాత కాగితాలు దాచే ఆఫీసును చూపించింది. అక్కడ తృప్తి అనే గుమాస్తా ఉంది. పేరుకు తగ్గట్టే నెమ్మదైన పిల్ల. రెండు వారాలు వెతికి, ముక్కుకు గుడ్డ కట్టుకుని దుమ్ములోంచి బయటికొచ్చి, "దొరికింది బాబాయ్. పదమూడు వందల ముప్పై ఒకటి ఫసలీ. అంటే వందేళ్ళు దాటింది. షేక్ మదార్ వీలునామా" అంది. షుకూర్‌కు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

నకలు కోసం దరఖాస్తు ఇయ్యాలి. అందులో ఒక గడి, నకలు ఎందుకు కావాలి అని.

"'సొంత అవసరం' అని రాయండి, చాలు. అందరూ అదే రాస్తరు," అంది తృప్తి.

షుకూర్‌కు రోషమొచ్చింది. "గిది సొంత అవసరమా బిడ్డా? ఖాందాన్ ఇజ్జత్!" అని పెన్ను గుంజుకుని, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, గడి దాటి పక్క గడిలోకి కూడా పోయేట్టు రాశాడు: 'పెద్ద పీరును ఎత్తే హక్కు నాకే ఇయ్యాలని అడుగుటకు.' కింద సంతకం, తేదీ. తృప్తి నవ్వు ఆపుకుని, ఆ దరఖాస్తును కూడా నకలుకు జతచేసి గుండుసూది గుచ్చి ముద్ర వేసింది.

ఇక్కడ షుకూర్ ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటి చెప్పాలి. అతనికి ఉర్దూ చదవడం రాదు. ఇంట్లో మాట్లాడేది దక్కనీయే అయినా చదివింది తెలుగు బడిలో, అదీ ఏడో తరగతి దాకా. వీలునామా ఏమో పాతకాలపు గొలుసుకట్టు ఉర్దూ. ఖురాన్ చదవగలిగిన జహేదా కూడా ఒక నిమిషం చూసి, "అజీ, గిది రాత గాదు. సిరా తొక్కిన కోడి నడిచింది" అని తేల్చేసింది. అయినా షుకూర్ తగ్గలేదు. మరునాడు హోటల్ ముందు నిలబడి, కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, చదువుతున్నట్టు తల ఆడించాడు.

లింగం అతనితో మాట్లాడడు కదా, అందుకని హోటలాయనతో అన్నాడు. "ముద్ర తలకిందులున్నది. గుర్రం మీదికెళ్ళి కిందపడి చదువుతున్నడేమో అడుగు."

ఆ కాగితం చదవగల మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు, పట్వారి గౌరయ్య. తొంభై దాటాయి. నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివి, కచేరీలో ముప్పై ఏళ్ళు ఊరి కాగితాలు రాసిన మనిషి. ఉద్యోగం పోయి నలభై ఏళ్ళయినా ఊరికి ఇంకా పట్వారే. చెవులు ఒకరోజు వినపడతాయి, ఒకరోజు వినపడవు. ఏ రోజు వినపడాలో ఆయనే నిర్ణయిస్తాడని జనం అనుమానం.

షుకూర్ సాయంత్రం పూట చాటుగా వెళ్ళి కాగితం చేతిలో పెట్టాడు. గౌరయ్య వేలితో తడిమి, వాసన చూసి, తిరిగి ఇచ్చేశాడు.

"రెండో పక్షమేది?"

"ఏ పక్షం తాతా?"

"లింగం. తగాదాల కాగితం ఒక్క పక్షానికి చదివి ఎరుగ. ఇద్దరు నా ముంగట గూసుండాలె. సదువుడు మొదలుపెడితే ఆఖరు దాక సదువుత, ముందర, ఎనుక, ముద్రతో సహా. నడుమల లేస్తె మల్ల మొదటి సంది."

"జర మొదటి పేజీ అన్న చెప్పరాదు తాతా, గుర్రం సంగతి..."

గౌరయ్యకు ఆ రోజుకు చెవులు వినపడటం ఆగిపోయింది.

కాబట్టి మరునాడు షుకూర్ స్వయంగా వెళ్ళి, తన మీద అర్జీ పెట్టిన మనిషిని తన బండి మీద ఎక్కించుకోవలసి వచ్చింది. మాటల్లేవు గనుక హారన్ కొట్టాడు. లింగం వచ్చి కూర్చున్నాడు, ఇద్దరి మధ్య పాల క్యాను పెట్టుకుని. గుంత వచ్చినప్పుడల్లా క్యాను ఇద్దరి తరఫునా మాట్లాడింది.

గౌరయ్య చేతులు కడుక్కుని, ఒక కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దాలు పెట్టుకుని, బిస్కట్టు చాయ్‌లో ముంచి తిని, అప్పుడు మొదలుపెట్టాడు. ఒక వాక్యం ఉర్దూలో చదువుతాడు, తెలుగులో చెబుతాడు, కళ్ళు మూసుకుంటాడు. నిద్రపోయాడేమోనని వీళ్ళు ముందుకు వంగేసరికి మళ్ళీ అందుకుంటాడు.

"'నేను, షేక్ మదార్. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో మా అమ్మకే ఎరుక. ఫౌజుల గుర్రాలకు గడ్డి కోసెటోన్ని. గుర్రం ఎన్నడు ఎక్కలే. ఒక్కపారి ఎక్కబోతే కరిచింది.'"

లింగం కిసుక్కుమన్నాడు.

"పక్షాలు నవ్వొద్దు," అన్నాడు గౌరయ్య. "'పీరును నేను తేలే. నేనొచ్చేటాళ్ళకే ఊళ్ళె ఉండె. పోయిన మొహర్రం నా కొడుకులిద్దరు నేనెత్తుత అంటే నేనెత్తుత అని పీర్ల కొట్టం ముంగటనే కొట్టుకున్నరు. పీరు లోపట్నే ఉండిపోయింది. అప్పుడు నా దోస్తు మల్లయ్య ఎవ్వర్ని అడగకుండ తానం జేసొచ్చి ఎత్తుకపోయిండు.'"

"నే జెప్పలే!" లింగం లేచి నిలబడబోయి, మళ్ళీ మొదటి నుంచి చదువుతాడని గుర్తొచ్చి కూలబడ్డాడు. షుకూర్ మనసులో లెక్క చూసుకున్నాడు. గుర్రం అప్పుడే పోయింది, ఇప్పుడు పీరు కూడా పోతోంది.

గౌరయ్య తాపీగా ఇంకో బిస్కట్టు ముంచాడు. "'గని మల్లయ్య మర్నాటి సంది వచ్చే ఏడు గూడ నాదే అనుడు మొదలువెట్టిండు.'"

ఈసారి నవ్వింది షుకూర్. "పక్షాలు నవ్వొద్దని జెప్పిన," అని గౌరయ్య పేజీ తిప్పాడు.

"'అందుకని రాస్తున్న. చెల్క కొడుకులిద్దరికి సగం సగం. ఇత్తడి గంగాళం పెద్ద కోడలుకు, ఆమెకు నా మీద ఎన్నడు కోపం రాలే. పీరును మాత్రం ఎవ్వనికి రాయ. అది నాది గాదు. దాన్ని నాకియ్యుండ్రి అని అడిగినోడు ఎత్తొద్దు. నా వంశపోడైన, మల్లయ్య వంశపోడైన. అడగనోన్ని చూసి ఊరు ఇయ్యాలె. ఇదే నా ఆఖరి మాట.'"

షుకూర్‌కు ప్రాణం లేచొచ్చింది. "నేనెప్పుడడిగిన తాతా? ఇరవై రెండేండ్ల సంది ఊరు ఇస్తే ఎత్తుతున్న. మా బాపు ఎత్తిన ఆఖరి ఏడు చేతగాక కూలబడితే పెద్దమనుషులే నా చేతుల పెట్టిండ్రు. అడిగింది గీ లింగం!"

"ఇంక అయిపోలే," అని గౌరయ్య కాగితం వెనక్కి తిప్పాడు. గుండుసూదికి ఉన్న దరఖాస్తు బయటపడింది. అది తెలుగే, గుండ్రటి అక్షరాలే, ముసలాయన కళ్ళద్దాలు ఒక జత తీసేసి మరీ స్పష్టంగా చదివాడు. "'పెద్ద పీరును ఎత్తే హక్కు నాకే ఇయ్యాలని అడుగుటకు.' సంతకం, షేక్ షుకూర్. తేదీ ఉన్నది. సర్కారీ ముద్ర గూడ ఉన్నది."

మూడు నెలలు తిరిగి, చెమటలు కక్కి, తన పాలిటి శాపాన్ని తనే ముద్ర వేయించి తెచ్చుకున్నాడు. తృప్తి చెప్పినట్టు 'సొంత అవసరం' అని రాసి ఉంటే! షుకూర్ తల దించుకున్నాడు. ఆ గుండ్రటి అక్షరాలు మాత్రం ఎంత బాగా కుదిరాయో.

తిరుగు దారిలో లింగం పాల క్యానును మధ్యలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సగం దారిలో, "గడ్డి కోసినోడైతే ఏంది బావా," అన్నాడు మెల్లగా. "గడ్డి లేకుంటే ఫౌజు నడుస్తదా?" షుకూర్ కళ్ళలో దుమ్ము పడిందని బండి ఒకసారి ఆపాడు.

మంచి మాట అన్నాడు కదా అని లింగం గౌరయ్యను నమ్మాడనుకోవద్దు. మరునాడే షుకూర్ దగ్గరున్న ఆ కాగితం తీసుకుని పేట్ బషీరాబాద్‌లో పాత ఉర్దూ తెలిసిన ఒక మౌల్వీ సాబ్ దగ్గరికి పోయాడు. ఆయన చదివి అదే చెప్పాడు, గంగాళంతో సహా. ముసలాయన ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క మింగలేదు.

మొహర్రం ఐదో రోజున పీర్ల కొట్టం ముందు ఊరు కూడింది. పెద్దలు వీలునామాను కళ్ళకద్దుకుని, మదార్ సాబ్ మాటే మాట అన్నారు. ఇక అడగనివాణ్ణి వెతకాలి. చిత్రమేమిటంటే, ఎవర్ని తట్టినా అడిగినవాడే. కుర్మయ్య ఐదేళ్ళ కింద నడుము నొప్పి తగ్గితే ఎత్తుతానని మొక్కుకుని అడిగాడు. ఒక పెద్దమనిషి తన బామ్మర్ది కోసం అడిగాడు, అదీ అడిగినట్టేనని తేలింది. కుర్రవాళ్ళంతా ఫోన్లో వీడియో కోసం ఒక్క నిమిషం ఇయ్యమని అడిగినవాళ్ళే. పట్నం నుంచి వచ్చి ప్లాట్ల వెంచర్ వేసినాయన కూడా ఒకసారి అడిగాడని బయటపడింది. వందేళ్ళుగా ఊరు ఊరంతా ఆ కర్ర వైపే చేతులు చాచి ఉందని ఆ రోజు గాని ఎవరికీ తెలియలేదు.

రొట్టె, బెల్లం కలిపి మలీదా ముద్దలు కడుతున్న జహేదా చేతులు తుడుచుకుంటూ అడిగింది. "గౌరయ్య తాత ఎన్నడన్న అడిగిండా?"

అందరూ అటు తిరిగారు. గౌరయ్య అరుగు మీద చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఏంది? వినవస్తలేదు," అన్నాడు.

షుకూర్ దగ్గరికి పోయి చెవిలో గట్టిగా అడిగాడు. "తాతా, పెద్ద పీరును ఎత్తాలని నీకెన్నడు అనిపించలేదా?"

గౌరయ్య చేతికర్ర పక్కన పెట్టాడు. "తొమ్మిదేండ్లప్పటి సంది సూస్తున్న బిడ్డా. ఎనబై దాటినయి మొహర్రంలు. ఏ ఏడు ఏ పీరు ఎవరెత్తిండ్రో బుక్కుల రాసుకుంట వచ్చిన. రాసెటోన్ని ఎవరు యాది జేస్తరు? మస్తు అనిపించేది. ఏ ఏటికాయేడు ఎవరన్న పిలుస్తరేమో అని తానం జేసి, కొత్త ధోతి గట్టుకొనే వచ్చి గూసుంటుంటి."

"మరి ఒక్కమాట అడగకపోతివి?"

"అడిగి ఇప్పిచ్చుకుంటే అది ఇచ్చినట్టెట్లయితది?" అన్నాడు గౌరయ్య, ధోతీ కొసతో కళ్ళు తుడుచుకుంటూ.

ఎనభై ఏళ్ళు ఆ మనిషి పక్కనుంచే పీరు ఎత్తుకుని పోయారు, షుకూర్ వాళ్ళ తాత, వాళ్ళ బాపు, తను. ప్రతిసారీ ఆ తెల్లటి ధోతీ కనపడుతూనే ఉంది. షుకూర్ జనం వైపు తిరిగి, "పెద్ద పీరు పట్వారి తాతదే," అని అరిచాడు. ఊళ్ళో ఒక్కరు కూడా కాదనలేదు. లింగం మాత్రం ఒక చిక్కు లేవదీశాడు. "తాత పీరును ఎత్తుతడు సరే. తాతను ఎవరెత్తుతరు?"

పదో రోజు పొద్దున్నే ఒక ప్లాస్టిక్ కుర్చీకి రెండు బొంగులు కట్టారు. గౌరయ్య తలస్నానం చేసి, కొత్త ధోతీ కట్టుకుని, దట్టీలు వేలాడే పెద్ద పీరును రెండు చేతులా గుండెకు హత్తుకుని కుర్చీలో కూర్చున్నాడు. బొంగులు ముందు షుకూర్, వెనక లింగం భుజాల మీదికి ఎత్తుకున్నారు. డప్పులు మోగాయి. ఇరవై రెండేళ్ళలో పెద్ద పీరు ఎప్పుడూ ఇంత బరువు లేదు. దానికి తోడు పట్వారి కుర్చీలోంచి, "ఎడమ దిక్కు గుంత ఉన్నది! జల్దీ నడువుండ్రి, ఆగుకుంట పోతే అలావ కాడికి పోయేసరికి నిప్పులు సల్లారుతయి!" అని హుకుంలు జారీ చేస్తున్నాడు. చెవులూ కళ్ళూ ఆ రోజు అద్భుతంగా పని చేశాయి.

తమాషా చూడటానికి యాప్రాల్ నుంచి జానకిరామయ్య వచ్చాడు. జనాన్ని తోసుకుని కుర్చీ పక్కకు చేరి, మురిసిపోతూ, "ఎంత బాగుందయ్యా షుకూరూ! ఒక్కసారి, ఒక్క నిమిషం, నన్ను పట్టుకోనిస్తారా?" అన్నాడు.

"అయ్యో సార్," అన్నాడు షుకూర్ రొప్పుతూ. "అడిగిండ్రు!"

జనం ఘొల్లుమన్నారు. పాపం, తొమ్మిది తరాలు పైకెక్కిన మనిషి ఒక్క మాటతో జారిపోయాడు.

అలావ దగ్గర, నిప్పుల గుండం ముందు, కుర్చీని మెల్లగా దించారు. గౌరయ్య మొహం ఎర్రగా వెలుగుతోంది. బుగ్గలు తడిగా ఉన్నాయి, ఆయన తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. భుజం రుద్దుకుంటూ షుకూర్ వెనక్కి తిరిగి చూశాడు. ఊరంతా అక్కడే ఉంది. పొద్దున్నుంచీ అందరూ తన వెనకే నడిచారన్న సంగతి అతనికి అప్పటిదాకా గుర్తే లేదు.

"వచ్చే ఏడు నేనుంటనో లేదో," అన్నాడు గౌరయ్య, నిప్పుల వైపు చూస్తూ, మంచి వినపడే గొంతుతో. "గీ పెద్ద పీరును ఎవరెత్తుతరో ఏమో."

షుకూర్ లింగం వైపు చూశాడు. లింగం షుకూర్ వైపు చూశాడు. ఇద్దరూ పెదవులు గట్టిగా బిగించుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా, కుర్చీ మళ్ళీ భుజాల మీదికి ఎత్తుకున్నారు.